ఉండిపొమ్మనే గొంతు

ఆ పొద్దున టైలర్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగడం, ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి కనెక్షన్ తీసేయమనడం, ఆ తర్వాత బ్యాంకు ఆఫీసరు గారి కోటుకు కాలరు కుట్టడం. ఇంటి ముందుగదే ఆయన షాపు, అక్కడ నెట్ నత్తనడక నడుస్తోంది. కొత్త డిజైన్లు చూద్దామంటే తెర మీద మనిషి తల వస్తుంది గాని భుజాలు రావు. తలతో టైలరుకు పనేముంది?

ఫోనెత్తిన ఉద్యోగి సంగతి విని, "లైన్లో ఉండండి సార్," అని ఎవరికో కలిపాడు. వెళ్ళిపోతామన్నవాళ్ళను బతిమాలి ఆపడానికి ఆ కంపెనీలో ఒక విభాగమే ఉందని మాస్టారికి అప్పటిదాకా తెలియదు.

"మీరు వెళ్ళిపోతున్నారట కదా సార్," అంది ఒక ఆడగొంతు. "మా దగ్గర మీకేం లోటు జరిగిందో చెప్పండి."

మాస్టారు నోట్లో ఉన్న గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టారు. నలభై దాటినా ఆయన్ని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. షాపుకొచ్చేవాళ్ళు చంక దగ్గర బిగుతుగా ఉందని తమ లోట్లు చెప్పుకుంటారు. ఇంట్లో అక్కయ్య ఉంది, ప్రేమ కూడా ఉంది, కాని ఆవిడ ప్రేమంతా ఆజ్ఞల రూపంలోనే వస్తుంది.

"లోటంటే... నెట్ నెమ్మదిగా వస్తోందండి."

"అంతేనా సార్? తీరిగ్గా చెప్పండి, నేను వింటాను."

మాస్టారు తీరిగ్గానే చెప్పారు. నెట్‌తో మొదలుపెట్టి నడుం నొప్పి మీదుగా, సాయంత్రం షాపు కట్టేశాక ఏమీ తోచకపోవడం దాకా వెళ్ళారు. ఆమె అంతా విని, "ఉండిపోండి సార్. మీరు లేకపోతే మాకు లోటే," అంది. మాస్టారు ఉండిపోయారు. ఆ రోజు కోటు కాలరు తిరగేసి కుట్టారు.

దరిద్రం ఏమిటంటే, మర్నాటి నుంచి నెట్ బ్రహ్మాండంగా రావడం మొదలుపెట్టింది. ఇక ఏ ముఖం పెట్టుకుని ఫోన్ చెయ్యడం? కొన్నాళ్ళు ఓర్చుకుని, ఓర్చుకోలేక, మళ్ళీ కనెక్షన్ తీసేయమన్నారు. ఈసారి ఉద్యోగి ఆమెకు కలపలేదు.

"మొన్ననే కదా సార్ ఉంటానన్నారు. నిజంగా వెళ్ళిపోయినవాళ్ళకైతేనే మేడం ఫోన్ చేస్తారు."

సరే, నిజంగానే వెళ్ళిపోయారు. పోటీ కంపెనీవాళ్ళు పిలిచిందే తడవుగా వచ్చి, గోడకు కన్నం పెట్టి, తీగ లాగి వెళ్ళారు. మర్నాడే ఆమె ఫోన్ చేసింది.

"ఏంటి సార్, చెప్పకుండా వెళ్ళిపోయారు?"

ఆ నిష్ఠూరం కంపెనీవాళ్ళు నేర్పిందా, ఆమె సొంతమా అన్నది మాస్టారు ఆలోచించలేదు. ఆలోచిస్తే తేలిపోతుందేమోనని భయం. రెండు మూడుసార్లు బతిమాలించుకుని తిరిగి వచ్చారు. బెంగ పుట్టగానే మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ వచ్చారు. షాపు గోడ జల్లెడలా తయారైంది.

ఇంతటితో ఆగితే ఇది మాస్టారి సొంత గొడవ. కాని రెండు కంపెనీల్లోనూ అంకెలు చూసే పెద్దలున్నారు. మాస్టారు అటు వెళితే అక్కడొక చందాదారు పెరుగుతాడు, ఇటు వస్తే ఇక్కడ పెరుగుతాడు. తగ్గినవాళ్ళను చూడటం పెద్దలకు అలవాటు లేదు. ఆ వీధిలో చందాదారులు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నారని ఇద్దరూ మురిసిపోయి, షాపుకు చెరో పక్కన గొడుగు పాతి, మైకులు పెట్టించారు. మాస్టారు "నడుం ఎంతండీ?" అని అడిగితే, "వంద, వంద వేగం," అని మైకు జవాబు చెప్పేది. ఒక బక్కపల్చటి గుమాస్తాకు ఇద్దరు పట్టే ప్యాంటు తయారైంది.

పక్కింటి ప్లీడరుగారు ఇదంతా గమనించి అరుగెక్కారు. "ఏమిటి మాస్టారూ, రెండు కంపెనీలూ మీ దగ్గర కాళ్ళబేరానికి వస్తున్నాయి? కిటుకేమిటో మాకూ చెప్పండి."

మాస్టారికి అబద్ధం చేతకాదు. "వెళ్ళిపోతానంటే చాలండి, ఎంతో బాగా మాట్లాడతారు."

సాయంత్రానికల్లా వీధి వీధంతా వెళ్ళిపోతానంది. ఇక ఆమె లైను దొరకదే. మాస్టారు ఎప్పుడు చేసినా వేచి ఉండమనే సంగీతమే వినిపించేది. తనకు చెప్పిన మాటలే ఆమె ప్లీడరుకూ చెబుతోందని తలుచుకుంటే ఆయనకు కడుపు మండిపోయింది. ప్లీడరుకేం లోటు? ఇంటినిండా అడిగేవాళ్ళే.

ఆ ఉక్రోషంలో మళ్ళీ పోటీ కంపెనీకి వెళ్ళిపోయారు. చివరికొక మధ్యాహ్నం ఆమే చేసింది. మాస్టారి రెండు చేతులూ గుడ్డ మీద ఉన్నాయి. గభాలున స్పీకరు నొక్కారు. సరిగ్గా అప్పుడే అక్కయ్య అన్నానికి పిలవడానికి గుమ్మంలోకి వచ్చింది.

"మళ్ళీ వెళ్ళిపోయారేంటి సార్? ఇలా వస్తూ పోతూ ఉంటే నేనేమనుకోవాలి? ఈసారి వచ్చేసి ఉండిపోండి," అంటోంది గొంతు.

అక్కయ్య నడుం మీద చెయ్యి వేసింది. "ఎవర్రా ఆ పిల్ల?"

"కంపెనీ అక్కా..."

"కంపెనీ పిల్లయితే మనిషి కాదా? రావడమేంటి, పోవడమేంటి? మన ఇంటావంటా ఉందా ఈ బుద్ధి?" అంటూ ఫోన్ లాక్కుంది. "చూడమ్మా, నేను వీడి అక్కని. వీడు అలాంటివాడు కాదు, ఏదో గ్రహపాటు. ఇక నిన్ను వదిలి ఎక్కడికీ పోడు. నాదీ పూచీ."

"నిజంగానా అండీ? ఎప్పటికీనా?"

"వీడు బతికున్నంతకాలం."

"ఒక్కసారి సార్‌కి ఇస్తారా?" ఆ గొంతులో సంతోషం అచ్చమైనది. ఆ మాత్రం మాస్టారు గుర్తుపట్టగలరు. "సార్, ఉండిపోతారా?"

మాస్టారు ఫోన్‌ను రెండు చేతులా పట్టుకున్నారు. "ఉండిపోతానండి," అన్నారు. బతుకులో ఏ మాటా అంత మనస్ఫూర్తిగా అనలేదు.

"చాలా థాంక్స్ సార్. మిమ్మల్ని శాశ్వత కస్టమర్ల కింద మార్చేస్తున్నాను," అని ఆమె పెట్టేసింది.

మర్నాటి నుంచి మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మిషను దగ్గర కూర్చున్నారు. ఫోను పక్కనే ఉంది. అది మోగలేదు. "పిల్ల ఫోన్ చేసిందా?" అని అక్కయ్య పూటపూటా అడిగేది. వీధిలో గొడుగులు లేచిపోయాయి, మైకులు ఆగిపోయాయి, నెట్ మళ్ళీ నత్తనడకకు వచ్చింది. ఇంకొక్కసారి వెళ్ళిపోతే ఆమె ఫోన్ చేస్తుందని ఆయనకు తెలుసు. కాని ఉంటానని చెప్పింది ఆమెతోనే కదా. ఆమెను చూడాలని లేదు, పేరు తెలుసుకోవాలని కూడా లేదు, ఆ గొంతు ఇంకొక్కసారి ఏం లోటని అడిగితే చాలు.

పట్టలేక ఒకనాడు కంపెనీకి ఫోన్ చేశారు. "ఆ మేడంతో ఒక్క మాట మాట్లాడాలండి."

"వెళ్ళిపోతారా సార్?" అన్నాడు ఉద్యోగి.

"అయ్యో, లేదండి. ఉన్నానని చెబుదామని."

ఉద్యోగి పాపం మంచివాడు, అటూ ఇటూ వెతికి చూశాడు. వెళ్ళేవాళ్ళకొక విభాగం ఉంది, వచ్చేవాళ్ళకొక విభాగం ఉంది, ఉండిపోయినవాళ్ళతో మాట్లాడే విభాగం మాత్రం ఆ కంపెనీ ఇంకా పెట్టలేదు.