మధ్యలో మృత్యుంజయ దా

ఇకమీదట రాష్ట్రంలో ఏ మనిషీ, ఏ వస్తువూ ఒంటరి కాదని మంత్రిగారు కలకత్తా సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో ప్రకటించారు. రేషన్ కార్డులు, ఓటరు జాబితాలు, ఆస్పత్రి కాగితాలు, బడి రిజిస్టర్లు, చేపల లైసెన్సులు అన్నీ ఒక్క కంప్యూటర్‌కి మేపారు. ఏ రెండు పేర్లు కొట్టినా వాటి మధ్య ఉన్న లంకెని అది గీత గీసి చూపిస్తుంది. మొదటి విడతగా మంత్రిగారి నియోజకవర్గం పూర్తయింది. ఇంతటి పని ఏ బూర్జువా ప్రభుత్వమూ చెయ్యలేదని ఆయన వినయంగా చెప్పారు.

మొదటి లబ్ధిదారు అప్పాయమ్మ. ఆమెని కొడుకుతో సహా ఖిదిర్‌పూర్ క్వార్టర్స్ నుంచి ఆఫీసు కారులో తెచ్చారు. మునిసిపాలిటీ మురుగుకాలవల్లో పనిచేస్తూ మొగుడు సూరన్న పోయినేడు పోయాడు. ఆ పని కొడుకు సత్యారావుకి వస్తేనే క్వార్టరు దక్కుతుంది. కానీ వాడు సూరన్న కొడుకేనని రుజువు కావాలన్నారు. యంత్రం ఔనంటే మంత్రిగారు అక్కడికక్కడే ఆర్డరు చేతిలో పెడతారు.

కారెక్కినప్పట్నుంచీ అప్పాయమ్మ కొడుకు చెయ్యి వదల్లేదు. వాళ్ల వీధిలో కారెక్కినవాళ్లు ఆస్పత్రికో, పోలీసు స్టేషన్‌కో తప్ప ఇంకెక్కడికీ వెళ్లినట్టు ఆమె ఎరగదు.

"బాబూ, ఈడు సిన్నప్పుడు టికెట్టు కొనకుండా ట్రామెక్కీసీవోడు. అది కూడా సెప్పేస్తాదేటి ఆ మిసను?" అని అక్కడి తెలుగు ఇంజినీరు జానకిరామ్‌ని అడిగింది.

"చెప్పదమ్మా. మంత్రిగారున్నప్పుడు మంచివే చెబుతుంది."

విలేకరుల కోసం ముందు చిన్న పరీక్ష పెట్టారు. హిల్సా చేప, ఫుట్‌బాల్ క్లబ్బు అని కొట్టారు. చేప నుంచి క్లబ్బుకి గీత వెళ్లింది. మధ్యలో మృత్యుంజయ దా. ఆయన ఖిదిర్‌పూర్‌లో పార్టీ లోకల్ కమిటీ కార్యదర్శి, అందరికీ 'దా', అంటే అన్న. ఆస్పత్రి మంచం, సిమెంటు బస్తా అన్నారు. మధ్యలో మృత్యుంజయ దా. పురుటి వార్డు, శ్మశానం అన్నారు. మధ్యలో ఆయనే.

"చూశారా, పార్టీ ప్రజల్లో ఎంతగా కలిసిపోయిందో!" అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి.

అప్పుడు సూరన్న, సత్యారావు అని కొట్టారు.

గీత సూరన్న దగ్గర బయల్దేరింది. మృత్యుంజయ దా దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి సత్యారావుని చేరుకుంది.

విలేకరులు గబగబా రాసుకున్నారు.

"ఓలమ్మో, నా కొంప ములిగిపోనాది!" అని అప్పాయమ్మ నెత్తిన చెయ్యేసుకుంది. "ఆ బాబు మా గుమ్మం తొక్కలేదు బాబూ! పుట్టిన కాయితం ఇప్పించినాడు, అంతే!"

"ఊరుకోయే అమ్మా, అందరూ సూస్తన్నారు," అన్నాడు సత్యారావు.

"సూస్తన్నారనే కదరా నా ఏడుపు!"

సూరన్నకి ఉద్యోగమూ, పిల్లాడికి జనన ధ్రువపత్రమూ ఆయన సిఫారసు మీదే వచ్చాయి గనక గీత అలా వెళ్లిందని జానకిరామ్ వివరించాడు.

"అంటే తండ్రికీ కొడుక్కీ మధ్య కూడా లోకల్ కమిటీయేనా?" అని ఒక విలేకరి అడిగాడు.

"సాంకేతిక లోపం," అన్నారు మంత్రిగారు. "ఆ పేరు తీసెయ్యండి."

"పూర్తిగానా సార్?"

"ప్రజలకీ ప్రజలకీ మధ్య ఎవరూ ఉండకూడదు. అది మా సిద్ధాంతం."

తీసేశారు. సూరన్నకీ సత్యారావుకీ ఏ లంకే లేదంది యంత్రం. అప్పాయమ్మకీ సత్యారావుకీ కూడా లేదంది.

"నాను కన్నాను బాబూ!" అంది అప్పాయమ్మ.

జానకిరామ్ మళ్లీ కొట్టి చూశాడు. యంత్రం మాట మార్చలేదు.

"నా పేరు కొట్టండి," అన్నారు మంత్రిగారు. "నేనూ, నా నియోజకవర్గమూ."

ఒక్క గీతా లేకుండా తెర తెల్లగా ఉండిపోయింది. యంత్రం అత్యంత ఖచ్చితంగా పనిచేస్తోందని మంత్రిగారు ప్రకటించారు. టీ, సింగాడాలనే బెంగాలీ సమోసాలు పంచారు. ఆర్డరు మాట ఎవరూ ఎత్తలేదు.

క్వార్టరు పోయినట్టే, రేపు సామాను వీధిలో పడేస్తారని ఏడుస్తూ, అప్పాయమ్మ కొడుకుని లాక్కుని సాయంత్రానికి మృత్యుంజయ దా ఇంటికి చేరింది. వరండా నిండా జనం. వెళ్లి వరసలో నిలబడింది.

"దీదీ, చివర మీరేనా?" అన్నారెవరో వెనకనుంచి.

తిరిగి చూసి అప్పాయమ్మ గాభరాగా పక్కకి జరిగింది. "మీరు ముందుకెల్లండి బాబూ."

"వద్దు, వద్దు. ముందు మీరే వెళ్లండి. మీ మీద ఆయనకి కోపం లేదు కదా," అని మంత్రిగారు చెప్పులు విడిచి ఆమె వెనకాల నిలబడ్డారు.