గట్టు అధికారి కోటిలింగం

ఒక పెద్ద అడవిలో, మరీ పెద్దదేం కాదు గానీ ముగ్గురు అధికారులున్నారు కాబట్టి పెద్దదే అనుకోవాలి, కోటిలింగం అనే ముంగిస ఉండేవాడు. వాగు ఒడ్డున అతని బొరియ, పక్కనే కుందేళ్ళవి. గట్టి వాన పడితే అన్నీ మునిగేవే. ఎదురుగా ఎత్తైన గట్టు ఖాళీగా పడి ఉంది. దాన్నెక్కాలంటే మాత్రం ముగ్గురు అధికారులూ ఒప్పుకోవాలి.

"అడిగేదేంటయ్యా, ఎక్కేద్దాం పద. పిల్లలు పసివాళ్ళు," అంది అతని భార్య నాంచారమ్మ.

"నీకు కచేరీ సంగతులు తెలీవే! ఎవరికి ఎలా చెప్పాలో అలా చెప్పాలి. నాకొదిలెయ్," అని కోటిలింగం మీసం దువ్వుకున్నాడు.

పులిదొరకి ఓపిక తక్కువ. రెండో మాటకే ఆవలిస్తాడు. ఆ నోరు చూశాక ఎవరికీ మూడో మాట రాదు. అందుకని కోటిలింగం ఒక్క ముక్కలో తేల్చేశాడు. "దొరా, మనం ఎక్కకపోతే అవతలి పందులు ఎక్కేస్తాయి!"

"ఎక్కి తన్నండి!" అన్నాడు పులి.

ఏనుగయ్యగారికి తొందర గిట్టదు. ఆయన దగ్గర కోటిలింగం గట్టు పుట్టుక నుంచి మొదలుపెట్టాడు. మట్టి రంగు చెప్పాడు, గాలివాటం చెప్పాడు, పొద్దు వాలాక అసలు సంగతికొచ్చాడు. "ఎక్కడం కాదండీ, ఎక్కితే ఎలా ఉంటుందో పరిశీలన."

"నిదానంగా కానివ్వు," అన్నాడు ఏనుగు.

ఎలుగుబంటి అమ్మగారి దగ్గర ముందు ఏమీ చెప్పకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడా ఏడ్చింది. "పిల్లలు ఆ గట్టు మీద ఆడుకుంటారమ్మా," అన్నాడు ముక్కు చీదుతూ. "ఆడుకోనీ నాయనా!" అంది.

ఆహా, పనైపోయిందనుకున్నాడు పాపం! కానీ ఆ అడవిలో ఓ ఆచారం ఉంది. దేనికి ఒప్పుకున్నారో అధికారులు కొలువులో ఒకరి ముందు ఒకరు బిగ్గరగా చెప్పాలి.

"యుద్ధానికి!" అన్నాడు పులి.

"అయ్యో, పసిపిల్లలతో యుద్ధమా?" అంది ఎలుగుబంటి.

"పరిశీలన కదూ?" అన్నాడు ఏనుగు.

ముగ్గురూ కోటిలింగం వైపు తిరిగారు. వాడు క్లుప్తంగా మొదలెడితే ఏనుగు ముఖం చిట్లించాడు, వివరంగా చెప్పబోతే పులి ఆవలించాడు. ఏడుద్దామంటే భయానికి ఏడుపు కూడా రాలేదు. ఉన్నమాట చెబుదామంటే, ఇల్లు మునుగుతోందన్న ఆ ఒక్క మాటా ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదాయె, ఇప్పుడు చెబితే నమ్మేదెవరు? బయట వాన దంచేస్తోంది.

అనుమతి అక్కడికక్కడే రద్దయింది. అయితే ముగ్గురికీ వాడు తెగ నచ్చేశాడు. "నా మనసెరిగినవాడు," అన్నారు ఎవరికి వారు. వాణ్ణి గట్టు అధికారిగా వేశారు. మొదటి ఉత్తర్వు కూడా చేతిలో పెట్టారు: అనుమతి లేకుండా గట్టెక్కినవాళ్ళని దించెయ్యాలి.

కోటిలింగం పరుగెత్తుకొచ్చేసరికి బొరియలు నీళ్ళలో ఉన్నాయి. తలెత్తి చూస్తే గట్టు మీద నాంచారమ్మ, పిల్లలు, కుందేళ్ళన్నీ తడిసి ముద్దయి కూర్చున్నారు. బతికున్నారు! వాడికి ఏడుపొచ్చింది, ఈసారి నిజంగానే.

"అనుమతి దొరికిందా?" అని కేకేసింది నాంచారమ్మ.

"లేదే. నాకు ఉద్యోగం దొరికింది. మిమ్మల్ని దించాలట."

నాంచారమ్మ పిల్లల్ని వెనక్కి నెట్టి కొంగు బిగించింది. "రావయ్యా అధికారీ. నాకెలా చెబుతావో చెప్పు, వింటాను."

నీతి: అధికారులకు నచ్చేట్టు మాట్లాడటం నేర్చుకోండి, తప్పకుండా ఉద్యోగం వస్తుంది, మీవాళ్ళని మాత్రం మీకోసం ఆగొద్దని చెప్పండి.