సాల్మియా బాల్కనీలో శాసనమీమాంస

గల్ఫు జలములు సలసల కాగు ఆగస్టు మాసమున, మార్తాండుడు ఇనుప కమ్మీలపై సైతము కనికరము చూపని మధ్యాహ్నవేళ, సాల్మియాలోని ఒకానొక సౌధపు మూడవ అంతస్తున చెలరేగిన మహాసంగ్రామమును ఆలకింపుడు.

న్యాయశాస్త్ర పట్టభద్రుడును, ప్రస్తుతము పాదరక్షల దుకాణమున విక్రేతాగ్రేసరుడును అగు నాగేంద్రప్రసాద్, "చట్టమనగానేమి?" అని గదిలోని పోశన్నకు బోధించుచు చేయి విసరగా, ఆ చేతిలోని తేనీరు మంచముపైనున్న తెల్లచొక్కాపై పడెను. హోటలు వంటవాడైన పోశన్న ఆ చొక్కా తొడుగుకొని విమానమెక్కవలసి యున్నది. అది తల్లి కుట్టించి పంపినది. ఆ తల్లి నిన్న మరణించినది.

పోశన్న దానిని ఉతికి, బాల్కనీ తీగపై ఆరవేసెను. తక్షణమే భవనరక్షకుడు, రాయచోటి సంభవుడు హుస్సేన్ వలి, తాళపుచెవులు ఝణఝణలాడ మెట్లెక్కి వచ్చెను.

"తీయప్పా దాన్ని! ఈదివైపు తీగ మీద గుడ్డలెయ్యొద్దని ఓనరు ఎన్నిసార్లు చెప్పినాడు? చూసినాడంటే నా పని ఖలాస్."

"జెరసేపు భాయ్. టాక్సీ అస్తున్నది" అనెను పోశన్న.

అంతట నాగేంద్రప్రసాద్ సింహమువలె లేచి, చప్పట్లకై వేచిన వక్తవలె గొంతు సవరించుకొనెను.

"నిలువుము వలీ! సార్వభౌముని ఆజ్ఞయే చట్టమని ఒక పక్షము. జనులు అంగీకరించి ఆచరించునదే చట్టమని రెండవ పక్షము. న్యాయసమ్మతము కానిది చట్టమే కాదని మూడవ పక్షము. ఈ దేశపు శాసనవ్యవస్థను ఈ మూడింట పరీక్షించినచో..."

"ఈడ ఆ మూడూ ఓనరే సారూ. నాకు వీసా ఇచ్చిన కఫీల్ గూడా ఆయనే."

పోశన్న తీగపైనుండి చొక్కా లాగెను. "చాయ్ వోసింది గాక ఇంకా ముచ్చట్లా, ప్రసాదన్నా? నేనచ్చేదాంక నన్ను గన్న అవ్వను ఎత్తకుంట ఉంచుతమన్నరు. తడి అంగితోనే పోత, తియ్."

మూడు పక్షములును ఒక్కమారుగా నేలకూలెను. చదువు ముగిసిన పిదప తొలిసారిగా నాగేంద్రప్రసాద్ జవాబు తెలియని ప్రశ్న అడిగెను.

"వలీ భాయ్, వద్దన్నది తీగ మీదనే కదా? మనిషి పట్టుకుని నిలబడొచ్చా?"

"నిలబడు. నాకేంది?"

వీరుడు చొక్కా భుజములు పట్టి, బాహువులు చాచి, నిప్పులు చెరగు ఎండలో నిలిచెను. చెమట కారెను, ఉపన్యాసము ఆగెను.

"నీ నీడ దాని మీదే పడతాంది సారూ. జరుగు!" అని కసురుచు, వలి చొక్కా రెండవ చేతిని తానే పట్టుకొనెను.

దిగ్దిగంతములు వినుగాక! ఆ దేశపు చట్టము యథాతథముగా నిలిచెను. దాని తత్త్వము నాగేంద్రప్రసాద్‌కు నేటికిని అంతుపట్టలేదు. కాని కాలరు తప్ప చొక్కా అంతయు ఆరెను. పోశన్న దానిని తొడుగుకొని, గుండీలన్నియు పెట్టుకొని, మెట్లు దిగెను.