పెద్దదానికి బ్రేకులు, చిన్నదానికి గాలి

చక్రమునకు జయము. చక్రమునకు ఊపిరులూదెడి పంపునకు జయము. ఆ పంపు పిడిని పట్టిన మెకానిక్ హస్తమునకు మరికాస్త ఎక్కువ జయము. ఏలయనగా ఆ హస్తమే లేనిచో ఈ కథలోని కుటుంబము యావత్తును నడిచి పోవలసి వచ్చెడిది, నడిచి పోవువారిపై వీరగాథలు కట్టుట నాకు చేతకాదు.

వినుడు. పడమటి దిక్కున సూర్యుడు పెయింటు దుకాణపు రేకుల కప్పు వెనుకకు ఒరుగుచుండగా, బేకరీవాడు మిగిలిన రొట్టెలను అద్దాల పెట్టెలో ముందు వరుసకు జరుపుచుండగా, బాల్కనీలలో ఆరిన దుప్పట్లు ఒక్కొక్కటిగా లోపలికి పోవుచుండగా, మరునాడు సెలవు దినమన్న సంతోషము వీధి వీధంతయు వ్యాపించియుండగా, మూడవ అంతస్తులోని రెండు గదుల ఇంటి నుండి ఒక తల్లియు, ఆమె ఇరువురు కుమార్తెలును మెట్లు దిగి, సందు చివరనున్న సైకిలు షాపుపైకి దండయాత్ర వెడలిరి.

ఆ ఇంటి సైకిళ్లు నాలుగు. నాలుగింటికిని దిక్కు ఆ షాపే. పంక్చరైనను, చైను జారినను, గంట మూగవోయినను, సీటు కింది స్ప్రింగు మూలిగినను, ఆ ఇంటివారు మారుమాటాడక వాహనమును నడిపించుకొని పోయి మెకానిక్ ముందర నిలబెట్టుదురు. ఆతడును మారుమాటాడక దానిని తలకిందులు చేయును. ఇంతటి అచంచల విశ్వాసము వీరికి ఊరకే కలుగలేదు. పూర్వమొకప్పుడు ఇంటి యజమాని, అనగా ఆ బాలికల తండ్రి, ఆవేశపరవశుడై స్వహస్తమున పానా ధరించి భార్య సైకిలు హ్యాండిలును బిగించెను. బిగించిన పిమ్మట హ్యాండిలు ఎడమకు చూచుచుండ చక్రము కుడికి పోవుచుండెను. ఆ సాధ్వి పనికని బయలుదేరి పోస్టాఫీసు గోడను చేరెను. పైగా నట్లు కొన్ని మిగిలెను. నాటి నుండి పానా బీరువా పైకెక్కెను. తండ్రికి స్టూలు ఎక్కుటకు అనుమతి లేదు.

ఇక వీరపుత్రికల వృత్తాంతము. పెద్దది ముందు పుట్టెను; ఇందు సందేహము లేదు, తల్లియే సాక్షి. కాని ఎత్తును పంచిన వేళ ఏమి పొరపాటు దొర్లెనో, చిన్నది అక్క నడినెత్తిపై గడ్డము ఆనించి నిలబడునంత ఎదిగిపోయెను. కావున ఇంటనున్న పెద్ద సైకిలు చిన్నదానికిని, చిన్న సైకిలు పెద్దదానికిని దక్కెను. లోకము సంగతి చెప్పనేల? బట్టల షాపువాడు చిన్నదానినే పెద్దదనుకొనెను. ఎదురింటి పెద్దాయన అట్లే అనుకొనెను. పళ్ల డాక్టరు సైతము చిన్నదానిని పిలిచి, “మీ చెల్లిని భయపడొద్దని చెప్పమ్మా” అనెను. అన్నిటికంటె ఘోరమేమనగా, భూమండలమందంతటను అక్కకు పొట్టియైన గౌన్లు చెల్లెలికి పోవుచుండగా, ఈ ఒక్క ఇంట మాత్రము చెల్లెలికి పొట్టియైన గౌన్లు అక్కకు వచ్చుచుండెను. పెద్దది వాటిని తొడుగుకొనెను గాని నోరు మెదపలేదు. నేనైనచో మెదపియుందును.

అట్టి పెద్దదాని జీవితమున మరునాటి ఉదయము మహోదయము కానుండెను. పాఠశాలవారు ఊరి వెలుపలి సరస్సు దాక సైకిలు యాత్ర తలపెట్టిరి. పై తరగతివారు ముందు, కింది తరగతివారు వెనుక. వరుస తరగతిని బట్టియే గాని ఎత్తును బట్టి కాదు. పుట్టి బుద్ధెరిగిన తరువాత తొలిసారి, నలుగురు చూచుచుండగా, అక్క ముందును చెల్లెలు వెనుకను పోవలసియుండెను. అయితే ఆటల టీచరు గేటు వద్ద నిలిచి ప్రతి సైకిలు బ్రేకును స్వయముగా నొక్కి చూచును. బ్రేకు పట్టని వారు యాత్రకు దూరము కారు. వెనుక వచ్చు వ్యానులో, నీళ్ల క్యాన్ల నడుమ కూర్చుండబెట్టబడుదురు. పెద్దదాని సైకిలు బ్రేకులు ఎప్పుడో అరిగిపోయెను. ఆమె కొంతకాలముగా చెప్పును నేలకు రాచి ఆగుచుండెను.

ఈ ఆపదను గ్రహించియే ఆ ఉదయము తండ్రి ఇద్దరి సైకిళ్లను షాపు ముందర దిగవిడిచి ఆఫీసునకు పోయెను. తల్లి మందుల దుకాణమున కౌంటరు వెనుక నిలిచి, ఏ డాక్టరు గిలికిన ఏ చీటీనైనను పొల్లుపోక చదువగల దిట్ట. ఆమె రెండు బేరముల నడుమ మెకానిక్కునకు ఫోను చేసి, “అన్నయ్యా, పెద్దదానికి బ్రేకులు, చిన్నదానికి గాలి” అని ఆజ్ఞాపించెను. ఆతడు “సరే చెల్లెమ్మా” అనెను. ఇంతకంటె విస్పష్టమైన సంభాషణము ఆ వీధి చరిత్రలో జరిగియుండదు. ఇరువురును తృప్తితో ఫోన్లు పెట్టేసిరి.

దండయాత్ర షాపును చేరునప్పటికి షట్టరు సగము దిగియుండెను. దాని కింద, గ్రీజు మరకల చొక్కాయే కవచముగా, నీళ్ల టబ్బు ఒక ప్రక్కను, చిరిగిన ట్యూబుల గుట్ట ఒక ప్రక్కను కాపుండగా, మెకానిక్ ముక్కాలిపీటపై ఆసీనుడై కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకొనుచుండెను. ఆతడు వారిని గాంచి మేఘగంభీర స్వరమున ఇట్లు పలికెను:

“రా చెల్లెమ్మా. రెండూ అయిపోయాయి. తీసుకెళ్లిపోవడమే.”

పెద్దది ముందునకు దుమికి తన వాహనము వెనుక చక్రమును గిర్రున తిప్పి, వజ్రముష్టితో బ్రేకును నొక్కెను. బ్రేకు పిడి వెళ్లి హ్యాండిలుకు తగిలెను. చక్రము ఆ సంగతి తనకు సంబంధించినది కాదన్నట్లు తిరుగుచునే యుండెను.

“మామయ్యా, బ్రేకులు వేశావా?”

“భేషుగ్గా వేశాను. కొత్త రబ్బర్లు.”

“నొక్కితే ఆగట్లేదు.”

“దానికెందుకు ఆగుద్దమ్మా? దానికి గాలి కొట్టాను. బ్రేకులు పెద్దదానికి కదా.”

“పెద్దదాన్ని నేనే” అనెను పెద్దది.

మెకానిక్ ఆమెను పాదముల నుండి శిరస్సు దాక పరికించెను. ఆ చూపు తొందరగానే ముగిసెను. పిదప చిన్నదానిని పాదముల నుండి శిరస్సు దాక పరికించెను. దానికి కొంత సమయము పట్టెను.

“మరి నువ్వు?”

“నేను చిన్నదాన్ని” అనెను చిన్నది, పైనుండి.

“ఇన్నేళ్లూ నేను తిరగేసి అనుకుంటున్నానా?”

“అందరూ అంతే అన్నయ్యా” అనెను తల్లి. “తప్పు నాదే. పెద్దదంటే మా పెద్దది అనుకుంటావనుకున్నాను.”

“నేను పెద్దదంటే పెద్ద సైకిలనుకున్నాను.”

“పోనీలే. ఇంకో జత ఉంటే దీనికీ వేసెయ్.”

“అవే ఆఖరివి చెల్లెమ్మా. సరుకు ఎల్లుండికి గానీ రాదు.”

ఆ మాట పిడుగై పడెను. పెద్దది సీటు మీద లేని దుమ్మును దులుపుచు నిలిచెను. ఆమె కన్నుల ముందర వ్యాను కదిలిపోవుచుండెను, క్యాన్లలో నీళ్లు తొణుకుచుండెను, అద్దములోనుండి చూడ ముందర చెల్లెలు పెద్ద సైకిలుపై పోవుచుండెను. ఆమె మోచేతితో ముక్కు తుడుచుకొనెను. ఈ గాథ కట్టుచున్న నేనును తుడుచుకొంటిని, దాచనేల?

అంతలో తల్లి చేతిలోని ఫోను మ్రోగెను. విషయమంతయు విని, అప్పుడే ఇల్లు చేరిన తండ్రి ఆవలి నుండి అభయమిచ్చెను: “మీరేం కంగారు పడకండి. తీసుకొచ్చెయ్యండి, నేను చూస్తా. పానా ఎక్కడ పెట్టావో చెప్పు.”

ఆ మాట షాపంతయు వినబడెను. మెకానిక్ కనులెత్తి, తన వృత్తి జీవితమునందు ఏనాడును చూపని ఆందోళనముతో, “వద్దని చెప్పు చెల్లెమ్మా” అనెను. తల్లి వద్దని చెప్పెను. స్టూలు మీది నుండి దిగుమని కూడ చెప్పెను.

అప్పుడు చిన్నది గొంతు సవరించుకొనెను.

“నా కొత్త రబ్బర్లు తీసి అక్కకి వేసెయ్ మామయ్యా.”

ఇంతటి దానమునకు ఎవరైనను కౌగిలించుకొందురు. పెద్దది కౌగిలించుకొనలేదు. ఏండ్ల తరబడి మోసిన మౌనమును ఆ టబ్బులో ముంచివేసి, ఆడు సింగమువలె శిరమెత్తి ఇట్లు గర్జించెను:

“నాకొద్దు. దాని గౌన్లు వేసుకున్నాను. దాని చెప్పులు వేసుకున్నాను. స్కూలు బ్యాగు కూడా దానిదే మోస్తున్నాను. ఇప్పుడు బ్రేకులు కూడా అది వాడినవేనా? వ్యాన్లో కూర్చుంటాను.”

తల్లి ముఖము చిన్నబోయెను. ఆమెకు ఆ గౌన్లన్నియు ఒక్కసారిగా జ్ఞప్తికి వచ్చెను; ప్రతి గౌను అంచును మడిచి కుట్టినది తానే. పొదుపనుకొనెను గాని ఇంకొకటి అనుకొనలేదు.

చిన్నది మాత్రము వెనుదీయలేదు. “నేనెక్కడ వాడానక్కా? ఇంకా ఎక్కనే లేదు. అవి కొత్తవి. నా పాతవేవో నేనే వేసుకుంటా. అసలు నా బ్రేకులకి ఏమైందని మార్చారు?”

“ఏం కాలేదు” అని మెకానిక్ ఒప్పుకొనెను. “ఇంత మంచివి ఎందుకు మార్చమన్నారా అని నేనూ అనుకున్నాను.”

“మరి అడగొచ్చు కదా అన్నయ్యా.”

“పెద్దదానికన్నావు కదా చెల్లెమ్మా.”

పెద్దది ఆలోచించెను. కొత్తవి తనకు. పాతవి చెల్లెలికి. ఆమె ఆ వాక్యమును లోలోన ముందు నుండి వెనుకకును, వెనుక నుండి ముందునకును త్రిప్పి చూచెను. ఎటు చూచినను అందులో లోపము కనబడలేదు.

“పాతవి ఎక్కడ పడేశావు మామయ్యా?” అని అడిగెను.

మెకానిక్ నిట్టూర్చి అరుగు కిందనుండి ఒక రేకు డబ్బాను లాగి నేలపై బోర్లించెను. ఆ వీధిలో అరిగిన బ్రేకు రబ్బర్లన్నియు, పెంకులుగాను, పీలికలుగాను, గోళ్లుగాను కుప్పయై పడెను. ఆ రణభూమిపై పెద్దది మోకరిల్లెను. చేతులు నల్లనయ్యెను, గౌను నల్లనయ్యెను, ముక్కు కొసయు నల్లనయ్యెను. అరిగినవానిని ఒక్కొక్కటిగా ప్రక్కకు త్రోయుచు, అరగని వాటిని వెదకి వెదకి, తుదకు నాలుగింటిని పైకెత్తి, తుడిచి, చెల్లెలి చేతిలో పెట్టెను.

“ఇవిగో. నీవి.”

“థాంక్స్ అక్కా” అనెను చిన్నది, ఆ పాత రబ్బర్లను రెండు చేతులతోను అందుకొనుచు.

అంతట మెకానిక్ దించిన షట్టరును మరల ఎత్తెను. ఎత్తునపుడు అది చేసిన చప్పుడునకు బేకరీవాడు బయటికి వచ్చి చూచెను. రెండు సైకిళ్లును తలకిందులయ్యెను. పానా తిరిగెను, మొండి నట్టొకటి రాననెను, మెకానిక్ దానిని తన వృత్తివారి భాషలో ఒక మాటనెను, అది వచ్చెను. తీగ బిగిసెను, పిడి గట్టిపడెను, పెద్ద సైకిలుకు రావలసిన గాలియు అందెను. వీధి దీపములు వెలుగునప్పటికి చిన్న సైకిలు తన కాళ్లపై నిలిచియుండెను.

“పెద్దమ్మాయీ, తొక్కి చూడు” అని పిలిచెను మెకానిక్.

ఎన్నేండ్ల అలవాటు చొప్పుననో చిన్నది ఒక అడుగు ముందునకు వేసెను. వేసి, నాలుక కరచుకొని, వెనుకకు తగ్గెను. పెద్దది అది చూచెను. చూచి, సీటెక్కునపుడు మునుపటి కంటె కొంచెము నిటారుగా ఎక్కెను.

ఆహా, ఆ ప్రయాణమును ఏమని వర్ణింతును! బేకరీని దాటెను, పెయింటు దుకాణమును దాటెను, పోస్టాఫీసు గోడకేసి వాయువేగమున దూసుకుపోయెను. తల్లి చేతిని నోటికి అడ్డుపెట్టుకొనెను. ఆ గోడతో ఆమెకు పరిచయము గలదు. గోడ ఇంక జానెడు దూరమున నున్నదనగా పెద్దది రెండు పిడులను కలిపి నొక్కెను. చెప్పు నేలకు తగలలేదు. సైకిలు ఆగెను.

ఆమె దానిని త్రిప్పుకొని వచ్చి, తనకంటె జానెడు ఎత్తున నున్న ముఖమును చూచి, రేపటి కొరకు ఈనాడే శాసించెను: “నేను ముందు పోతాను. నువ్వు నా వెనకాలే రా. మలుపు దగ్గర గంట కొట్టు. చూసుకుని తిరుగు.”

“సరే అక్కా.”

సకల జనులును విందురు గాక! ఆ సాయంకాలమున ఆ సందులో, ఏ సైన్యములును లేకయే, ఏ నెత్తురును చిందకయే, గౌనంతయు గ్రీజు అయిన ఒక పొట్టి పిల్ల ముందును, అరగని పాత బ్రేకులతో ఒక పొడుగాటి పిల్ల వెనుకను, సైకిళ్లు తొక్కుకొనుచు ఇల్లు చేరిరి. మలుపు వద్ద చిన్నది గంట కొట్టెను.