బొమ్మరింటికి పళ్లవరుస

శనివారం పొద్దున పళ్లమేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, డాక్టరుగారి కాంపౌండరు వస్తే మాస్టారి పళ్లసెట్టు అప్పగించాలి, కూతురి బొమ్మరింటి గుమ్మానికి పైకప్పు అతికించాలి, దాన్ని బడిలో ప్రదర్శనకు చేర్చాలి. ఇంత చిన్న పథకానికి ఎవరి దిష్టి తగిలిందో తెలియదు.

పళ్లమేస్త్రి అన్నది వీధివాళ్లు పెట్టిన పేరు. ఇంటి ముందుగదిలో కూర్చుని, పంటి డాక్టరుగారి రోగులకు కట్టుడు పళ్లు చేస్తాడు. కూతురు బొమ్మరిల్లు అడిగినప్పుడు గోడలూ తలుపులూ చెక్కతో ఇట్టే కట్టేశాడు గానీ, అసలు సరదా అంతా నగిషీల్లో తీర్చుకున్నాడు. పాత మేడలకు చూరు కింద పళ్లవరుసలా ఒక అలంకారం సాగుతుంది చూడండి, అది పెట్టాలన్నాడు. పళ్లవరుస అంటే అతనికి వెన్నతో పెట్టిన విద్య. పళ్ల అచ్చుల్లో సుద్ద పోసి, ఆరాక అరగదీసి, చూరు పొడవునా అతికించాడు. గుమ్మం మీదికి అర్ధచంద్రంలా ఒక చిన్న పైకప్పు కావలసివచ్చింది. మాస్టారి కోసం మొదట చేసి, బీట పడిందని పక్కన పడేసిన పై పళ్లసెట్టు చేతికి తగిలింది. పెట్టి చూస్తే ఆ గుమ్మం కోసమే పుట్టినట్టుంది. మధ్యలో చిల్లు పొడిచి చిట్టి బల్బు బిగించి, వెనకనుంచి రెండు తీగలు వదిలాడు. రంగు వేద్దామంటే కూతురు వద్దంది, గులాబీ రంగే బాగుందట.

మాస్టారంటే రిటైరైన హెడ్మాస్టరుగారు. ఆనాటి ప్రదర్శనకు ముఖ్య అతిథి ఆయనే. ఆయన ప్రసంగం మొదలుపెడితే, ముగిసేలోపు ముందు వరుసలో పిల్లలు పై తరగతికి వెళ్లిపోతారని పేరు. పై పళ్లు పోయిన దగ్గర్నుంచి సభలు మానుకుని, మాటలన్నీ లోపల దాచుకుని ఉన్నారు. డాక్టరుగారు ముందురోజే తేల్చి చెప్పారు.

"మాస్టారు నాకు చదువు చెప్పినాయన. సభ వేళకి పళ్లు ఆయన నోట్లో లేకపోతే నీకూ నాకూ చెల్లు. ఇంకో మనిషిని చూసుకుంటాను."

ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది డాక్టరుగారిచ్చే పని మీదే. అందుకే పళ్లమేస్త్రి స్నానానికి వెళ్తూ భార్యకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"బల్లమీదున్నది మాస్టారిది, డబ్బాలో పెట్టి కాంపౌండరుకివ్వు. కిటికీలో ఉన్నది గుమ్మానికి అంటించు."

"సరే లెండి, ముందు మీరు స్నానం కానివ్వండి," అంది ఆమె వంటింట్లోంచి.

అతని తల్లికి బల్లమీద దుమ్ము కనబడితే ముద్ద దిగదు. ఆవిడ గుడ్డ పట్టుకొచ్చి, బల్లా కిటికీ శుభ్రంగా తుడిచి, ఎక్కడివక్కడ పెట్టింది. ఎక్కడిది ఎక్కడో ఆవిడకెవరూ చెప్పలేదు. అంతటితో ఊరుకోక, కోడలికి సాయంగా ఉంటుందని, బల్లమీద పెట్టినదాన్ని డబ్బాలో సర్ది మూత కూడా బిగించింది. కోడలు వచ్చేసరికి డబ్బా సిద్ధంగా ఉంది, కాంపౌండరు గుమ్మంలో ఉన్నాడు. డబ్బా అతని చేతిలో పెట్టేసి, కిటికీలోది తీసుకుని, ఏనుగు లాగినా ఊడదని సీసా మీద రాసున్న జిగురుతో బొమ్మరింటికి అంటించింది. బల్బు కనబడలేదు గానీ, ఆ సంగతి ఆయన చూసుకుంటారులే అనుకుంది. పళ్లమేస్త్రి తల తుడుచుకుని వచ్చేసరికి బొమ్మరింటికి దుప్పటి కప్పి బండెక్కించేశారు.

తల్లీ భార్యతో సహా అందరూ బడికి చేరారు. హాల్లో దుప్పటి తీయగానే పిల్లలు మూగారు. కూతురు ఒక్కొక్క నగిషీ వేలితో చూపిస్తూ వివరిస్తోంది. ఆ పిల్ల ముఖం చూసి పళ్లమేస్త్రి కడుపు నిండిపోయింది. ఇంతలో గుమ్మం వైపు చూసి, "బల్బేదీ?" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"ఏమయ్యా, సెట్టు మాస్టారికి పెట్టాను. బాగానే కూర్చుంది," అన్నారు డాక్టరుగారు.

"సంతోషమండీ."

"నోట్లోంచి రెండు తీగలు వేలాడుతున్నాయి. ప్లగ్గు ఎక్కడ పెట్టాలని మాస్టారు అడుగుతున్నారు."

తీగలు లాగకండి అని చెప్పేలోపే అవతల ఏదో పటుక్కుమంది.

"రెండు ముక్కలైంది," అన్నారు డాక్టరుగారు, భయపడాల్సినంత నెమ్మదిగా. "అసలుది ఎక్కడుంది?"

అసలుది ఎదురుగానే, బొమ్మరింటి గుమ్మం మీద నవ్వుతూ ఉంది.

"దగ్గర్లోనే ఉందండీ."

"మేం అక్కడికే వస్తున్నాం. సిద్ధంగా ఉంచు."

"అత్తయ్య సర్దారండీ," అంది భార్య సంగతి అర్థమై.

"ఎక్కడివక్కడే పెట్టాను కదరా," అంది తల్లి.

పళ్లమేస్త్రి జేబులోంచి సన్న బ్లేడు తీసి, జిగురు మీద ఆనించాడు. సీసా మీద రాసింది నిజమే. పళ్లు కదల్లేదు, గుమ్మం కదిలింది. ఇంకాస్త నొక్కితే దాంతోపాటు ముందుగోడ కూడా చీలేట్టుంది. కూతురు ఏడవలేదు, అతని చొక్కా అంచు పట్టుకుంది.

"నాన్నా, ఇల్లు ఊడొచ్చేస్తుంది."

ఒక పక్క ఇంటిల్లిపాది తిండి, ఒక పక్క ఈ పిల్ల ముఖం. చేస్తున్నది తెలివితక్కువని తెలిసే, పళ్లమేస్త్రి బ్లేడు మడిచి జేబులో వేసుకున్నాడు.

డాక్టరుగారు కళ్లెర్రజేస్తూ వచ్చారు. వెనకే మాస్టారు, చేతిలో కట్టెడు ప్రసంగం కాగితాలతో. పళ్లమేస్త్రి దాచకుండా అంతా చెప్పేశాడు. మాస్టారు వంగి, కళ్లజోడు సవరించుకుని, గుమ్మం మీద తన పళ్లను చాలాసేపు చూశారు.

"నావేనా?"

"మీవేనండీ."

ఈలోగా మైకులో ఆయన పేరు పిలిచారు. మాస్టారు వేదికెక్కి మొదటి కాగితం తీశారు. "ప్రాచీన విద్యావ్యవస్థ" అన్న మొదటి మాటలోనే సగం గాలిపోయింది. మళ్లీ ప్రయత్నించారు, ఈసారి మొత్తం గాలే వచ్చింది. కాగితాలు మడిచేశారు.

"పిల్లలు బాగా చేశారు. వెళ్లి చూడండి," అని కూర్చున్నారు.

హాలు ఒక్క క్షణం నమ్మలేకపోయింది. తర్వాత చప్పట్లు మోగాయి, ఆగలేదు. వెనక వరుసవాళ్లు లేచి నిలబడి కొట్టారు. జీవితంలో తనకోసం ఎవరూ అలా కొట్టగా ఎరగని మాస్టారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ప్రిన్సిపాల్ మేడమ్ డాక్టరుగారి దగ్గరకు దాదాపు పరుగెత్తుకొచ్చింది. "ఇంత చక్కటి సభ మా బడిలో ఇంతవరకు జరగలేదండీ. మాస్టారి పళ్ల సంగతి విన్నాను, అంతా మీ చలవేనటగా."

డాక్టరుగారు పళ్లమేస్త్రి భుజం మీద చెయ్యి వేశారు. "ఏదో, మా పనితనం అలాంటిది. ఈయన లేకపోతే నాకు చెయ్యి ఆడదు," అన్నారు.

బొమ్మరింటికి రెండో బహుమతి వచ్చింది. గుమ్మం పైకప్పులో జీవం ఉట్టిపడుతోందని న్యాయనిర్ణేతలు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

మరుసటి వారానికల్లా పళ్లమేస్త్రి కొత్త సెట్టు చేసిచ్చాడు. మాస్టారు దాన్ని భోజనానికి తప్పకుండా పెట్టుకుంటారు. సభలున్న రోజు మాత్రం ఇంట్లో మర్చిపోతారు.