నా నిజాయితీకి కంప్యూటర్ పూచీ

నేను నిజాయితీపరుణ్ణి. ఈ మాట నేనంటే మీరు నవ్వుతారు, మా ఇంట్లోవాళ్లు ఇంకా గట్టిగా నవ్వుతారు. కానీ అన్నది నేను కాదు, కంప్యూటర్! ముద్ర వేసిన సర్టిఫికెట్ ఉంది. ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించాను.

ఆటల్లో దొంగల్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్‌ను తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. అది వరమండీ! పూర్వం మంచివాడు అనిపించుకోవాలంటే ముప్ఫై ఏళ్లు మంచిగా బతకాల్సి వచ్చేది. ఎంత టైమ్ వేస్ట్! ఇప్పుడది మూడు సెకన్ల పని.

గత నెలలో మా లైబ్రరీ కమిటీవారు కంప్యూటర్ చెస్ టోర్నమెంట్ పెట్టారు. హాల్లో పన్నెండు కంప్యూటర్లు, వాటి ముందు కూర్చుని ఒకరితో ఒకరు ఆడాలి. ఏ ఎత్తు వేయాలో చెప్పే యాప్‌లు ఫోన్లలో ఉంటాయి కదా, అందుకని ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో వేసి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ఆటలయ్యాక సాఫ్ట్‌వేర్ మన ఎత్తుల్ని తన ఎత్తులతో పోల్చి చూస్తుంది. బాగా కలిస్తే మనం దొంగలం. కలవకపోతే దొరలం. గెలిచినవాళ్లకు ఆదివారాలు అదే హాల్లో పిల్లలకు చెస్ నేర్పే పని ఇస్తామన్నారు.

నా ఎత్తులు పదకొండు శాతం కలిశాయి.

అంపైర్‌గా కూర్చున్న రిటైర్డ్ లెక్కల మాస్టారు ఆ అంకె చూసి కళ్లజోడు తుడుచుకున్నారు. ఇలాంటి ఎత్తులు ఏ యంత్రమూ చెప్పదని మైకులో ప్రకటించి, నిజాయితీ సర్టిఫికెట్ నా చేతిలో పెట్టారు. అయిదు ఆటలకు అయిదూ ఓడాను మరి! మంత్రిని తీసుకెళ్లి ఎదుటివాడి బంటు చేతిలో పెట్టాను, అదీ మూడుసార్లు. నా ఆట ఏదీ పది ఎత్తులు దాటలేదు. ఎత్తుకోసారి బాత్‌రూమ్‌కు పరిగెత్తుతున్నా, పాపం కడుపు అంత పాడైనా, బరి వదల్లేదని క్రీడాస్ఫూర్తి కప్పు కూడా నాకే ఇచ్చారు.

మా వదిన ఎత్తులు తొంభై నాలుగు శాతం కలిశాయి. వదినంటే మా అన్నయ్య భార్య, టైలరింగ్ షాపు నడుపుతుంది. కుట్టుమిషన్ పక్కన స్టూలు మీద బోర్డు పెట్టుకుని ఇరవై ఏళ్లుగా తనతో తనే ఆడుకుంటోంది. ఆవిడ అయిదుకు అయిదూ గెలిచింది. రిజిస్టర్ తీసి చూస్తే ఆవిడ ఫోన్ బుట్టలో వేసినట్టు సంతకం లేదు. ఫోన్ ఏదమ్మా అంటే, లోపలికి తేలేదంది. ఇంకేముంది, దొరికింది దొంగ! పేరు కొట్టేశారు. సాయంత్రాలు ఆవిడ షాపులో చెస్ నేర్చుకునే ఏడుగురు పిల్లల్లో ఆరుగురు మానేశారు. మిగిలిన ఒక్కతీ ఆవిడ కూతురే.

చూశారా యంత్రం గొప్పతనం! దీన్ని హాలుకే పరిమితం చేయడం అన్యాయం. పరీక్షల్లో ఫస్టొచ్చినవాడి జవాబులు పుస్తకంతో కలిశాయా? డిబార్ చేయండి. గాయకుడు శ్రుతి తప్పలేదా? స్టేజీ దించండి. చొక్కా సరిగ్గా సరిపోయిందా? టైలర్ మీద నిఘా పెట్టండి! ఈ లెక్కన మా ఆఫీసులో నా అంత నిప్పులాంటి మనిషి లేడు. నేను రాసిన ఒక్క ఫైలు కూడా రూల్స్ పుస్తకంతో కలిసిన పాపాన పోలేదు.

అంత పద్ధతిగా ఓడటం ఎలా సాధ్యమైందని మీరు అడగొచ్చు. పాఠకుల దగ్గర దాపరికం ఎందుకు?

ఆ రోజు లైబ్రరీ మెట్ల మీద, నా ఫోన్లో చార్జింగ్ లేదు, ఓ పూట నీది ఇవ్వు వదినా అని అడిగాను. మారుమాట లేకుండా ఇచ్చింది. నా ఫోన్ బుద్ధిగా బుట్టలో వేశాను, ఆవిడది సాక్సులో దోపుకున్నాను. కడుపు నిక్షేపంగా ఉంది! బాత్‌రూమ్‌లో తలుపు గడియ పెట్టి, ఆవిడ చెస్ యాప్‌లో ఎదుటివాడి ఎత్తు కొట్టేవాణ్ణి. అది ఏ జవాబిస్తే అదే వచ్చి వేసేవాణ్ణి. అయిదు ఆటల్లో నా సొంత ఎత్తు ఒక్కటి లేదు.

మరి ఓడటమేమిటి? అది వదిన పిల్లలకు నేర్పడానికి వాడే ఫోన్. కొత్తవాళ్లు ఏడవకుండా, నాలుగు ఆటలు గెలిచి హుషారు తెచ్చుకోవాలని, ఆ యాప్ కావాలనే ఓడిపోయేలా సెట్ చేసి పెట్టుకుంది. దాన్ని నమ్ముకుని ఓ నలభై ఏళ్ల పెద్దమనిషి టోర్నమెంట్‌కు వస్తాడని ఆవిడకు తోచలేదు.

మొన్న వదిన మెడలో టేపుతోనే మా ఇంటికొచ్చింది. నా సర్టిఫికెట్ ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చదివింది. ఫోన్ నాకిచ్చానని కమిటీకి ఎందుకు చెప్పలేదని, తేలు కుట్టిన దొంగలా ఉండలేక నేనే అడిగాను.

"నేను చెబితే నీ మీద చాడీ చెప్పినట్టుంటుంది మరిదీ. నా ఎత్తులు నేను వేశాను. ఇప్పుడు వంతు నీది," అంది.

నాకు సిగ్గేసింది. పదకొండు శాతం కాదు, నూటికి నూరు శాతం వేసింది.

కమిటీవారికీ, ఆ ఆరుగురు పిల్లల తల్లిదండ్రులకూ మనవి. ఆ రోజు వదిన ఫోన్ ఉన్నది నా సాక్సులో. మా వదిన ఎత్తులు మా వదినవే. సర్టిఫికెట్ దించేశాను, కప్పుతో పాటు తెచ్చి ఇస్తాను. ఆదివారం క్లాసు ఆవిడకు ఇవ్వండి.

ఇది అచ్చుకు పంపేముందు షాపుకెళ్లి వదినకు చదివి వినిపించాను. ఆ క్లాసులో నా పేరు కూడా రాసుకోమన్నాను. ఆవిడ మిషన్ ఆపకుండానే, రెండు ఫోన్లూ బయట పెట్టి రమ్మంది.