మోతికి నేసిన జంపఖానా

టీ తాగి మగ్గం మీద కూర్చోవాలి, శుక్రవారానికల్లా మోతి జంపఖానా నేసి దించేయాలి. ఆ పొద్దున వెంకట్రాజం పెట్టుకున్న పని ఇంతే. కొత్తవాడలో తనలా జంపఖానా నేసేవాడు లేడని అతని నమ్మకం. వరంగల్ మొత్తంలో మోతిలాంటి కుక్క లేదన్నది మాత్రం నమ్మకం కాదు, లోకానికంతా తెలిసిన సంగతి అని అతని ఉద్దేశం.

మోతికి పద్నాలుగేళ్లు. మూతి తెల్లబడింది, వెనక కాళ్లలో పట్టు తగ్గింది. అయినా మొన్నమొన్నటిదాకా పొద్దున్నే లేచి మగ్గం గదిలోకి నడిచి వెంకట్రాజం పక్కన పడుకునేది. వేసవిలో ఇంట్లో టైల్స్ వేయించారు. ఆ నున్నటి నేల మీద నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకు జారి రెండుసార్లు చతికిలబడ్డాక మోతి నడకే మానేసింది. హాల్లో బొంత మీద కూర్చుని, మగ్గం చప్పుడు వింటూ, గది వైపే చూసేది. ఆ చూపుకు వెంకట్రాజానికి ముద్ద దిగేది కాదు.

"మోకాళ్లు అరిగినయి. మందులిస్త గని, ముందుగల కాలు జారకుంట కింద ఏదన్న పరువున్రి. భయం పోతే అదే నడుస్తది" అన్నాడు పశువుల డాక్టరు.

ఇంట్లో ఉన్న జంపఖానాలు పల్చనివి, మోతి అడుగేస్తే ముడతలు పడి కాలికి చుట్టుకున్నాయి. అందుకని మందం నూలుతో, రెండడుగుల వెడల్పున, హాలు నుంచి మగ్గం గదిదాకా సరిపోయే పొడుగున కొత్తది మొదలుపెట్టాడు. భార్య భాగ్యమ్మ కూడా కాదనలేదు. ఆ ఇంట్లో మోతి గురించి మనిషి గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకుంటారు.

అప్పుడొచ్చాడు సుదర్శన్. భాగ్యమ్మకు చిన్నాన్న కొడుకు, పైగా చేనేత సంఘం అధ్యక్షుడు. పోయిన నెలే, మోతికి నేసే తీరిక కోసం, వెంకట్రాజం భుజం నొప్పి అని చెప్పి సంఘం ఆర్డరు వదిలించుకున్నాడు. నిజానికి ఆ భుజానికి ఏ రోగమూ లేదు.

"ఇదేం కొలత బావా? ఎవరికి నేస్తానవ్?"

కుక్కకు అంటే భుజం సంగతి బయటపడుతుంది. "ఉన్నడులే ఒకాయన" అన్నాడు వెంకట్రాజం. "మోకాళ్ల నొప్పులు. టైల్స్ మీద నడవలేడు."

"పెద్దమనిషా?"

ఇక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ మోతి మాట వస్తే గొప్పలు చెప్పకుండా ఉండటం వెంకట్రాజం వల్ల కాదు.

"పెద్దమనిషంటే మామూలు పెద్దమనిషా? నియ్యత్ గలోడు, నమ్మకస్తుడు. కాళ్లు మంచిగున్నన్ని రోజులు ఈ వాడల ఒక్క దొంగతనం కానిచ్చిండా? ఆయన గొంతు వింటేనే దొంగలు పారిపోయేటోళ్లు."

సుదర్శన్ కళ్లు పెద్దవయ్యాయి. "పోలీసాఫీసరా? ఇప్పుడు ఇంకా పెద్ద పోస్టుల ఉండొచ్చు. ఎప్పుడొస్తాండు?"

"శుక్రవారం పొద్దున జంపఖానా పరుస్త. పరిస్తే వస్తడు."

"తిండి ఎట్ల మరి?"

"పెరుగన్నం. ఉప్పు వేయొద్దు."

"ఎంత సాదాసీదా మనిషి" అనుకుంటూ, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే సుదర్శన్ వెళ్లిపోయాడు.

సాయంత్రానికి భాగ్యమ్మ నల్లా దగ్గర నుంచి బిందెతో వచ్చి నిలదీసింది. "ఏందయ్యా, మనింటికి ఢిల్లీ నుంచి ఎవరో పెద్దసారు వస్తాండట. నాకొక్క మాట చెప్పవా?"

విషయం చెప్పాక ఆమె బిందె దించి అక్కడే కూలబడి నవ్వింది. "పోయి నిజం చెప్పు, మా తమ్ముని పరువు పోతది."

వెంకట్రాజం నిజంగానే బయలుదేరాడు. వీధి మలుపులో ఆగిపోయాడు. ఏళ్ల తరబడి నిండి ఉన్న మోరీలో మున్సిపాలిటీ వాళ్లు పూడిక తీస్తున్నారు. కరెంటు స్తంభానికి కొత్త బల్బు వెలుగుతోంది. పైన ఫ్లెక్సీ కడుతున్నారు. అతిథి ఎవరో తెలియదు కాబట్టి అతిథి ఫొటో పడాల్సిన చోటు కూడా సుదర్శన్ ఫొటోకే వెళ్లింది. ఇంత జరిగాక నోరు విప్పే ధైర్యం అతనికి లేదు. ఇంటికొచ్చి మోతి పక్కన కూర్చుని, "ఎంత పని చేసినవ్‌రా" అన్నాడు, తప్పంతా మోతిదే అయినట్టు.

శుక్రవారం పొద్దునకు గుమ్మం ముందు వాడంతా ఉంది. ముగ్గులు, పూలదండ, శాలువా. సుదర్శన్ తల్లి యాకమ్మను కుర్చీలో మోసుకొచ్చి హాల్లో కూర్చోబెట్టారు. "జంపఖానా పరువు బావా, టైమైంది" అన్నాడు సుదర్శన్. వెంకట్రాజం జంపఖానా పరిచి, ముఖం చూపించలేక మగ్గం గదిలోకి పోయి కూర్చున్నాడు. జనమంతా వీపులు తిప్పి రోడ్డు వైపు మెడలు సాచారు.

"వస్తాండు" అంది యాకమ్మ.

అందరూ మునివేళ్ల మీద లేచారు.

"అటు కాదురా. ఇటు."

మోతి ముందుకాలు జంపఖానా మీద పెట్టి వాసన చూసింది. నొక్కి చూసింది. రెండో కాలు పెట్టింది. వెనక కాళ్లు వణికాయి కానీ జారలేదు. తల ఎత్తి, నూలు మీద నడిమధ్యన, నెమ్మదిగా హాలంతా దాటింది. మగ్గం గదిలోకి వెళ్లి వెంకట్రాజం మోకాలి మీద గడ్డం ఆనించింది.

వెంకట్రాజానికి భయమంతా ఎటు పోయిందో తెలియదు. అంత గర్వం అతనికి ఏ జంపఖానా నేసినప్పుడూ కలగలేదు. కళ్లు తుడుచుకుని గట్టిగానే చెప్పాడు. "ఈయనే. నా మోతికే నేసిన. భుజం నొప్పి అబద్ధం. ఏమనుకుంటరో అనుకోన్రి."

సుదర్శన్ ముఖం ఎర్రబడింది. "సంఘం ఆర్డరు కాదని కుక్కకు నేసినవా? వాడంతా నన్ను చూసి నవ్వదా?"

"ఎందుకు నవ్వుతది?" అంది యాకమ్మ. "మనింట్ల టైల్స్ ఏసినకాడి నుంచి నేను గోడ పట్టుకొని పాకుతాన. నువ్వు చూస్తనే ఉన్నవ్. సంఘానికి అధ్యక్షుడివి. ఈ కుక్కకున్న నసీబ్ నీ తల్లికి లేదాయె."

అప్పుడు నవ్వింది వాడ. శాలువా ఏం చేయాలో తోచక సుదర్శన్ కాసేపు అటూ ఇటూ చూశాడు. చివరికి వంగి మోతికే కప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "బావా, మా అమ్మకు..." అని ఆగిపోయాడు.

"మంచం కాడి నుంచి బాత్రూం దాకా కొలుచుకొని రా. రేపే మొదలుపెడత" అన్నాడు వెంకట్రాజం.

వస్తానన్న రోజున మాట తప్పకుండా ఆ వాడకు వచ్చిన పెద్దమనిషి ఇప్పటిదాకా మోతి ఒక్కడే.